గిల్లితేనే చిగురు



పెరట్లో మందారమో గులాబీయో పూసిందనుకోండి, చూసి మురిసిపోతాం. కోయాలంటే చెయ్యి రాదు. కాని పెరట్లో ఇంకో జాతి ఉంది. ఆకు వాసన కోసం పెంచుకునేవి. కరివేపాకు, పుదీనా, తులసి, మరువం, వామాకు, నిమ్మగడ్డి లాంటివి. వీటి దగ్గర మన జాలిగుండె పనికిరాదు. కోయకుండా వదిలేస్తే పుదీనా తీగలు సాగి ఆకు చిన్నబోతుంది. తులసి వెన్నులు వేసి కట్టె తేలుతుంది. కరివేపాకు ఒంటికాడన నిటారుగా లేచి, మనకు అందనంత ఎత్తున నాలుగు రెబ్బలు ఊపుతూ నిలబడుతుంది. నీళ్లు పోస్తున్నాం, ఎరువు వేస్తున్నాం, అయినా మా మొక్క గుబురు కట్టడం లేదేమిటని అడిగేవాళ్లతో నేను ముందుగా అనే మాట ఒకటే: మీరు దాన్ని సరిగ్గా వాడుకోవడం లేదు.

ఇందులో ఉన్న కిటుకు చిన్నదే. కొమ్మ కొసన ఉండే మొగ్గలో ఆక్సిన్ అనే హార్మోను తయారవుతుంది. అది కిందికి దిగుతూ, దిగువ కణుపుల్లో నిద్రపోతున్న మొగ్గల్ని లేవనివ్వదు. ఇంట్లో పెద్దాయన గొంతు వినిపిస్తున్నంతసేపు పిల్లలు నోరెత్తరు చూడండి, అలాగన్నమాట. ఆ కొసను గిల్లేస్తే కింది కణుపులోంచి రెండు చిగుళ్లు బయలుదేరుతాయి. ఆ రెండింటినీ కొన్నాళ్లకు గిల్లితే నాలుగు. తోటపనివాళ్లు దీన్ని తలలు తుంచడం అంటారు. పూలమొక్కకైతే తలలు తుంచడం ప్రత్యేకంగా పెట్టుకునే పని. ఆకుమొక్కకు అదేమీ అక్కర్లేదు, పోపు వేసిన ప్రతిసారీ ఆ పని జరిగిపోతుంది. అయితే ఎక్కడ కోయాలో తెలియాలి. ఒక్కో మొక్కది ఒక్కో లెక్క.

కరివేపాకుతో మొదలుపెడతాను. మనలో చాలామంది దీన్ని పక్కనుంచి రెబ్బ రెబ్బగా లాగుతారు. పోపు చిటపటలాడుతుంటే పరుగున వెళ్లి చేతికందిన రెబ్బను పుటుక్కున తెంపుకొస్తారు. దాంతో కింద కాండం బోడిగా, పైన గొడుగులా తయారవుతుంది. అలా కాదు. పై కొసను రెండు మూడు రెబ్బలతో సహా కణుపుకు కాస్త పైన కత్తిరించండి. కోసిన చోట కింద కొత్త కొమ్మలు పుడతాయి. మొక్క నడుమెత్తుకు వచ్చేదాకా ఎక్కువ కోయకండి. ఆ తరువాత మొహమాటపడకండి. తెల్లటి పూగుత్తులు వస్తే, విత్తనం అక్కర్లేనివాళ్లు తుంచేయడమే మంచిది. విత్తనం కావాలంటే కాయలు నల్లబడేదాకా ఉంచాలి. పిట్టలు మీకంటే ముందుంటాయి, కాస్త కనిపెట్టుకుని ఉండాలి. పండు పిసికి, గుజ్జు కడిగేసి వెంటనే విత్తాలి. దాచిపెడితే ఆ గింజ మొలకెత్తే శక్తి త్వరగా పోతుంది. బజారులో కొన్న రెబ్బ నాటితే వేళ్లు పోయదు, ఆ ఆశ పెట్టుకోకండి. పాత చెట్టు చుట్టూ వేళ్లనుంచి లేచే పిలకలుంటాయి. తొలకరి పడ్డాక, మృగశిర కార్తె దాటాక, మట్టిగడ్డతో సహా తవ్వి తెచ్చుకుంటే నిక్షేపంలా బతుకుతాయి.

కరివేపాకుకు పుల్లమజ్జిగ పోయడం సంగతి కూడా అడుగుతుంటారు. మజ్జిగ మంత్రజలమేమీ కాదు. సున్నపు నేలల్లో కరివేపాకుకు ఇనుము అందదు. లేత ఆకు పసుపుబారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. పుల్లటిది ఏదైనా పోస్తే ఆ మట్టిలో ఇనుము కాస్త కరిగి వేళ్లకు అందవచ్చు. పలచగా చేసి, ఎప్పుడైనా ఒకసారి పోయండి. చిక్కగా పోస్తే చీమలు, కంపు తప్ప ఒరిగేదేమీ లేదు.

ఇప్పుడు ఒక చిన్న పని. ఒక లేత కరివేపాకు తెంపి, ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. సూదితో పొడిచినట్టు సన్నటి చుక్కలు మెరుస్తాయి. అవే నూనె తిత్తులు. నిమ్మాకును అలా పట్టుకున్నా కనిపిస్తాయి, రెండూ ఒకే కుటుంబం మరి. కరివేపాకులో ఆ నూనె ఆకు లోపల దాగి ఉంటుంది. అందుకే చెట్టు పక్కనుంచి నడిచి వెళ్లినా పెద్దగా వాసన రాదు. నలపాలి, లేదా మరిగే నూనెలో వేయాలి. పుదీనా, తులసి, మరువం తీరు వేరు. వాటి నూనె ఆకు పైన సన్నటి నూగు కొసల్లో, చిన్న బుడిపెల్లో ఉంటుంది. చీర చెంగు తగిలినా ఆ బుడిపెలు చిట్లి గుప్పుమంటుంది.

మన వంటలో వీటికి వేరువేరు వేళలు ఎందుకున్నాయో కూడా ఇక్కడే తెలిసిపోతుంది. కరివేపాకు పోపులోకి ముందు వెళుతుంది. తిత్తుల్లోని పరిమళం వేడి నూనెలోకి దిగి, ఆ నూనె ద్వారా పప్పంతా పాకుతుంది. కొత్తిమీర వాసననిచ్చే పదార్థాలు మహా చపలమైనవి, వేడి తగిలితే ఎగిరిపోతాయి. అందుకని చారు దించాక చల్లుతాం. ముందే వేసి మరిగించారంటే రంగు మిగులుతుంది, కొత్తిమీర మిగలదు. ఎండబెట్టినా ఇంతే. ఎండిన కొత్తిమీర ఆకును సీసాల్లో అమ్ముతుంటారు గాని, నా మటుకు అది గడ్డితో సమానం. పుదీనా, మరువం నీడన ఆరబెడితే వాసన బాగానే నిలుపుకుంటాయి. కరివేపాకు కూడా నీడన గలగలలాడేలా ఎండితే పొడికి దివ్యంగా ఉంటుంది.

కరివేపాకుకు ఒక అతిథి వస్తుంది. లేత ఆకు మీద పిట్టరెట్ట పడినట్టు నల్లగా తెల్లగా ఒక మరక కనిపిస్తుంది. దులిపితే రాలదు. తేరిపార చూస్తే కదులుతుంది. నిమ్మ సీతాకోకచిలుక పురుగు అది. పెద్దదయ్యాక పచ్చటి రంగులోకి మారి, రోజుకు రెబ్బ మీద రెబ్బ నమిలేస్తుంది. పుల్లతో మెల్లగా తాకి చూడండి. తల వెనకనుంచి రెండుగా చీలిన ఎర్రటి కొమ్ము బయటికి తన్నుకొచ్చి, ఘాటైన వాసన కొడుతుంది. పక్షుల్నీ చీమల్నీ బెదరగొట్టడానికి దానికున్న ఆయుధం. చిన్న మొక్క మీద రెండు పురుగులు చేరితే మోడు చేస్తాయి కాబట్టి ఏరేయక తప్పదు. పెద్ద చెట్టయితే ఒకటో రెండో వదిలేయండి. పిల్లలకు చూపించడానికి అంతకంటే మంచి పాఠం పుస్తకంలో దొరకదు.

కూరలో కరివేపాకు అని మనుషుల్ని తేలిగ్గా తీసిపారేస్తాం గాని, ఆ ఆకు విలువ తెలియాలంటే అమెరికాలో ఉన్న మనవాళ్లను అడగాలి. న్యూజెర్సీ చలికి ఆ మొక్క బయట బతకదు. చలి ముదరకముందే కుండీ ఇంట్లోకొచ్చి కిటికీ పక్కన చేరుతుంది. కొన్నాళ్లకు ఆకంతా రాల్చేస్తుంది. చచ్చిపోయిందని పారేయకూడదు. గోటితో బెరడు గీరి, లోపల పచ్చగా ఉంటే నీళ్లు బాగా తగ్గించి ఊరుకోవాలి. ఎండలు తిరిగొచ్చాక చిగురిస్తుంది. ఆ దేశంలో దానికి ఇంకో చిక్కూ ఉంది. నిమ్మ, బత్తాయి, నారింజ తోటల్ని తుడిచిపెట్టే ఒక తెగులును సిల్లా అనే నువ్వుగింజంత పురుగు చెట్టునుంచి చెట్టుకు మోస్తుంది. ఆ పురుగుకు కరివేపాకు చిగురంటే పరమ ఇష్టం. ఫ్లోరిడాలో పురుగు 1998లో బయటపడింది, తెగులు 2005లో కనిపించింది. అప్పటినుంచి నారింజ రైతుల గుండెల్లో రాయి పడింది. ఫ్లోరిడా, టెక్సాస్, కాలిఫోర్నియా లాంటిచోట్ల పురుగు ఉన్న ప్రాంతాలనుంచి కరివేపాకు మొక్కను బయటికి తరలించడం మీద ఆంక్షలున్నాయి. ఇక్కడినుంచి పచ్చి ఆకు పెట్టెలో పెట్టుకెళితే విమానాశ్రయంలో తీసేసుకుంటారు. పిల్లల దగ్గరికి ప్రయాణం కట్టే అమ్మలూ నాన్నలూ ఇది గుర్తుంచుకోవాలి. ఐరోపాలో ఇంకో రకం గొడవ. మన దేశంనుంచి వెళ్లే కరివేపాకులో పురుగుమందుల అవశేషాలు ఎక్కువగా ఉన్నాయని, దాన్ని ప్రత్యేక తనిఖీల జాబితాలోకి ఎక్కించారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత చెబుతుంది. వంట దగ్గరకొచ్చేసరికి మాత్రం, ఏం చల్లారో మనకు తెలిసింది పెరటి చెట్టు ఒక్కటే.

పుదీనాకు రెబ్బా చిగురూ అన్న లెక్కలు లేవు. కట్ట కట్టగా, మట్టికి రెండంగుళాలు వదిలి మొత్తం కోసేయడమే. వారం పది రోజుల్లో వేళ్లనుంచి తుమ్మెదరంగు కాడలు, వాటి మీద వెడల్పాటి ఆకులు లేస్తాయి. బజారు కట్టలో మంచి ఆకుతో పచ్చడి చేసుకుని, ముదురు కాడల్ని పారేయకుండా నీళ్ల గ్లాసులో ఉంచితే కణుపుల దగ్గర తెల్లటి వేళ్లు పోస్తాయి. వాటిని నాటుకోండి. దీనికి లోతైన కుండీ కంటే వెడల్పాటి తొట్టి కావాలి. పుదీనా కిందికి కాదు, పక్కకు పాకుతుంది. నేలలో వదిలేస్తే ఇంకో మొక్కను బతకనివ్వదు కాబట్టి తొట్టికి కట్టిపడేయడమే నయం. ఏడాదికోసారి మట్టి తిరగదోడి, అంచున చుట్టుకుపోయిన తీగల్ని తెంపి కొత్తగా పాతాలి. రోహిణి కార్తె ఎండల్లో మధ్యాహ్నం నీడ లేకపోతే మాడిపోతుంది.

ఇంతసేపూ గిల్లమని చెబుతున్న నేను కొత్తిమీర దగ్గర మాట మార్చక తప్పదు. దానికి గిల్లుడు పనిచేయదు. కొత్తిమీర ఆయుష్షే తక్కువ. వేడి తగిలినా, పగళ్లు పెరిగినా ఆకు సన్నబడి, కాడ లేచి పూతకొస్తుంది. కాడ లేచాక మీరెంత తుంచినా అది వెనక్కి రాదు. కాబట్టి కొత్తిమీరను కోయడం కంటే చల్లడం మీద దృష్టి పెట్టాలి. ఒకేసారి తొట్టినిండా చల్లకుండా, పది పదిహేను రోజులకోసారి ఒక్కో వరస వేసుకుంటూ పోతే ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. గుండ్రటి ధనియంలో రెండు గింజలుంటాయి. అరచేతి కిందో చెప్పు కిందో మెల్లగా నలిపి బద్దలుగా చేసి, రాత్రంతా నానబెట్టి విత్తండి. మొలక రావడానికి వారం పైనే పడుతుంది, ఓపిక పట్టాలి. గుంటూరు దగ్గర లాం పరిశోధనా క్షేత్రంలో కొత్తిమీర మీద చాలా కృషి జరిగింది. సింధు, సాధన, స్వాతి అన్న రకాలు అక్కడివే. అవి ధనియాల పంట కోసం తయారైనవి. మనకు కావలసింది ఆకు కాబట్టి విత్తనం కొనేటప్పుడు ఆకు రకమా, గింజ రకమా అని అడిగి తీసుకోండి. పూతకొచ్చిన మొక్కల్ని పీకేయకండి. ఆ తెల్లటి గొడుగుల మీద తేనెటీగలు వాలతాయి. పచ్చి ధనియాలు నాలుగు టమాటా పచ్చడిలో వేసి నూరి చూడండి, మళ్లీ నన్ను తలుచుకుంటారు. కాడల్ని కూడా పారేయకండి, పచ్చడికి రుచి వాటిలోనే ఉంది.

తులసి విషయంలో మన పెద్దవాళ్లు తెలిసి చేశారో తెలియక చేశారో గాని, పద్ధతి మాత్రం చక్కగా కుదిరింది. పొద్దున్నే పూజకు దళాలు కోసేటప్పుడు కొసనున్న చిగురుతో, వెన్నుతో కలిపే తుంచుతారు. తోటమాలి చేసే పని అచ్చంగా అదే. వెన్నులు విత్తనం కట్టేదాకా వదిలేస్తే ఆకు వేయడం తగ్గించేస్తుంది. ద్వాదశినాడు కోయకూడదని, దీపాలు పెట్టాక ముట్టుకోకూడదని నియమాలున్నాయి. పాటించేవాళ్లు పాటించండి, మిగిలిన రోజులు కోసుకోవడానికి చాలినన్ని ఉన్నాయి. కోటలో తులసి నిలవడం లేదని బాధపడేవాళ్లు ముందు ఆ కోటలోకి తొంగిచూడాలి. ఏళ్ల తరబడి మార్చని మట్టి, అడుగున నీరు పోయే దారి లేకపోవడం, మొదట్లో పాలు, పసుపు, కుంకుమ, అగరుబత్తి బూడిద, ఆకుకు సెగ తగిలేలా దీపం. అంత భక్తిని ఏ మొక్కా తట్టుకోలేదు. దీపాన్ని గూట్లో పెట్టండి, పసుపు కుంకుమలు కోటకు పెట్టండి, మొక్క మొదట్లో నీళ్లు మాత్రం పోయండి. పిండినల్లి కనిపిస్తే తడిగుడ్డతో తుడిచేయడం ఉత్తమం. వేపనూనె కొట్టాల్సి వస్తే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్లు, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి, సాయంత్రంపూట. ఆ తరువాత కొన్నాళ్లు ఆకును వంటలోకీ తీర్థంలోకీ కోయకండి, చేదు వదలదు.

ఇక జడలోకి పోయే ఆకులు. మరువం, దవనం. మల్లెలు, కనకాంబరాలు, మధ్యమధ్య మరువపు రెమ్మ, దవనపు రెమ్మ పెట్టి కట్టిన కదంబమాల వాసన తెలియని తెలుగువాళ్లుండరు. ఇందులో ఒక తమాషా ఉంది. ఈ మరువాన్నే మధ్యధరా సముద్ర తీరం వాళ్లు కూరల్లో వేసుకుంటారు. జర్మన్లు మాంసపు వంటకాల్లో, సూపుల్లో దంచికొడతారు. వాళ్ల వంటింటి మొక్క మన పూలబుట్టలో చేరింది, మన వినాయకుడి ఇరవయ్యొక్క పత్రిలోనూ కూర్చుంది. సబ్జా గింజలిచ్చే మొక్క సంగతీ అంతే. దాని గింజల్ని మనం ఎండాకాలం నానబెట్టి తాగుతాం, ఆకును పట్టించుకోం. ఇటలీ వాళ్లు గింజ వదిలేసి ఆకు నూరుకుంటారు. రెండు అలవాట్లూ ఒకే మొక్క మీద ఎందుకు పెట్టుకోకూడదో నాకు తెలియదు. మరువం నాలుగాకులు తుంచి వెన్న రాసిన దోసె మీద చల్లి చూడండి, తప్పేమీ లేదు.

మరువం ముంగిట్లో దారి అంచున బారుగా నాటితే బూడిదపచ్చ రంగులో ముద్దుగా ఉంటుంది. కొమ్మ ముక్కలతోనే వస్తుంది. నీరు నిలిస్తే మాత్రం కుళ్లిపోతుంది. కృష్ణతులసిని దాని వెనక వరసలో పెడితే ఆ ఊదా నలుపు, ఈ బూడిదపచ్చ ఒకదాన్నొకటి ఎత్తిచూపుతాయి. దవనం మన దక్షిణాది మొక్కే. కార్తీకం చలిలో చల్లితే మాఘ ఫాల్గుణాలకు చిన్న పసుపు పూలతో చేతికొస్తుంది. చైత్రంలో దేవుడికి దవనంతో దమనోత్సవం చేస్తారంటే ఆ పంట సరిగ్గా ఆ వేళకు అందుతుంది కాబట్టే అనిపిస్తుంది. దవనం ఎండినా వాసన వదలదు. చీరల మడతల్లో రెండు రెమ్మలు పెట్టుకోవచ్చు.

అందానికీ తిండికీ రెండింటికీ వచ్చేవి ఇంకా ఉన్నాయి. బాస్మతి ఆకు అని నర్సరీల్లో అమ్మే మొక్క, మొగలి జాతిది. బాస్మతి బియ్యానికి ఆ వాసననిచ్చే పదార్థమే ఈ ఆకులోనూ ఉంది. ఒక ఆకు ముడివేసి అన్నం ఉడికేటప్పుడు పడేస్తే మామూలు సోనామసూరి కూడా గొప్పలు పోతుంది. నీడన, తడిలో పెరుగుతుంది, వరండాలో పెట్టుకోవచ్చు. కడియం నర్సరీల వైపు వెళ్లినప్పుడు వెతకండి. నిమ్మగడ్డి మెట్ల పక్కన దుబ్బుగా బాగుంటుంది గాని ఆకు అంచు చెయ్యి కోస్తుంది, పిల్లలు తిరిగే దారికి కాస్త దూరంగా నాటండి. రోజ్‌మేరీ జుట్టుకు మంచిదని ఈమధ్య అందరూ కొంటున్నారు. కోస్తా ఉక్కపోతలో, వానాకాలంలో అది బతకడం కష్టం. ఇసుక బాగా కలిపిన మట్టిలో, వానకు తడవని చూరు కింద పెట్టగలిగితేనే డబ్బు పెట్టండి.

మట్టి గురించి ఎక్కువ చెప్పను. సగం ఎర్రమట్టి, మిగిలిన సగంలో బాగా మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు, గుప్పెడు ఇసుక. కుండీకి అడుగున చిల్లు. యూరియా జోలికి పోకండి. అతిగా బలం పెడితే ఆకు దుబ్బుగా వస్తుంది, వాసన పలచబడుతుంది.

ఇదివరకు ఎప్పుడూ మొక్క పెంచనివాళ్లు వామాకుతో మొదలుపెట్టండి. పేరుకు వామాకు గాని, మనం పోపుల డబ్బాలో పెట్టుకునే వాము చెట్టు ఇది కాదు, వాసన మాత్రం దానిదే. అంచున తెల్లచార ఉన్న రకాన్ని అందం కోసం అమ్ముతుంటారు, అదీ తినే రకమే. మందపాటి, నూగు ఆకు. ఆ నూగుకే శనగపిండి చక్కగా పట్టి బజ్జీ జారిపోకుండా వేగుతుంది. పొరుగింటివాళ్లను జానెడు కొమ్మ అడగండి, ఎవరూ కాదనరు. కింది ఆకులు తీసేసి, ఒక పూట నీడన ఆరనిచ్చి, తడి తక్కువగా ఉన్న మట్టిలో గుచ్చండి. దీన్ని చంపాలంటే ఒకటే మార్గం, రోజూ నీళ్లు పోయడం. పైమట్టి పొడిబారాకే పోయండి. నాలుగు జతల ఆకులు వేశాక, అయ్యో పాపం అనుకోకుండా పై జతను చిగురుతో సహా గిల్లేయండి. ఆ రెండు ఆకులు బజ్జీలకు చాలవు. సన్నగా తరిగి, చెంచా నేతిలో వేయించి, గిన్నెడు పెరుగులో ఉప్పు వేసి కలుపుకోవడానికి సరిపోతాయి.